పద్దెనిమిదో కార్డు పట్టుకున్న చేయి

మా ఇంట్లో అటక మీద దాచిన పాత పెండ్లి పత్రికలన్నీ ఆ ఏడాది బడికి వెళ్లిపోయాయి. ఆరో తరగతికి లెక్కలు చెప్పే సారు అడిగారు. "మందంగ ఉండాలక్కా, గని మెరవొద్దు. మెరిస్తే ఫోను చదవదు" అన్నారు. బంగారు రంగు అచ్చున్న వైపు లోపలికి పెట్టి, వెనకవైపు మైదా గంజి రాసి, ఆయన తీసుకొచ్చిన గళ్ల బొమ్మలను పిల్లలూ నేనూ కలిసి అంటించాం. ఆరేసరికి కొన్ని కార్డులు అప్పడాల్లా వంగాయి. వాటి మీద పాత నిఘంటువులు బరువు పెట్టాం.

నేను టీచర్‌ను కాను. శ్రీరాంపూర్ గని కాలనీలో ఉంటాను. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. పెళ్లయి క్వార్టర్‌కు వచ్చాక మరిది వదిలేసిన పుస్తకాలు ముందేసుకుని లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. అంకెలంటే నాకు మొదటినుంచీ నమ్మకం. మనుషులు మాట మార్చినట్టు అవి మార్చవు. సాయంత్రాలు ముందు గదిలో కాలనీ పిల్లలకు ట్యూషన్ చెప్తాను. జమ్మికుంట వైపునుంచి కొత్తగా వచ్చిన ఆ సారు, ఆరో తరగతిలో పిల్లలు ఎక్కువయ్యారని, పొద్దున కాసేపు వెనక బెంచీలో కూర్చుని సాయం చేయమని అడిగారు. కాదనలేదు.

ఆ కార్డుల సంగతి చెప్పాలి. దుకాణాల్లో డబ్బు కట్టడానికి ఫోను చూపించే గళ్ల ముద్ర లాంటిదే ఒక్కొక్కటీ. అడ్డంగా ఐదు గళ్లు, నిలువుగా ఐదు. కొన్ని నల్లవి, కొన్ని తెల్లవి. ఏ రెండు కార్డులూ ఒకేలా ఉండవు. కార్డుకు నాలుగు అంచులు. ఒక్కో అంచున చీమంత అక్షరం, ఎ, బి, సి, డి. సారు బోర్డు మీద ప్రశ్న, నాలుగు జవాబులు రాస్తారు. పిల్లలు తమకు సరైనదనిపించిన జవాబు పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటారు. సారు ఫోను కెమెరాను గది ఈ చివరనుంచి ఆ చివరకు మెల్లగా తిప్పుతారు. అంతే, ఏ నంబరు ఏం చెప్పిందో ఫోనుకు తెలిసిపోతుంది. పక్కవాడిది చూసి తిప్పుదామంటే కుదరదు, వాడి గళ్లు వేరు.

ఆ మొదటి పొద్దు నేను పాఠం వినలేదు. లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. ఒక గడికి రెండే దారులు, నలుపో తెలుపో. రెండు గళ్లకు నాలుగు. మూడింటికి ఎనిమిది. అలా రెట్టింపు చేస్తూ పోతే ఇరవై ఐదో గడి దగ్గర మూడు కోట్ల ముప్పై ఐదు లక్షలు దాటింది. తిప్పినా ఒకేలా కనిపించే బొమ్మలు పనికిరావు, వాటిని తీసేశాను. అవి ఎనిమిది వేల చిల్లర మాత్రమే. ఒక్కో కార్డు తిప్పితే నాలుగు బొమ్మలవుతుంది కాబట్టి, మిగిలినదాన్ని నాలుగు వైపులకు పంచితే, ఎనభై మూడు లక్షల పైచిలుకు పిల్లలకు తలా ఒక కార్డు ఇవ్వొచ్చు. అరచేయి కంటే కాస్త పెద్దదైన ఒక అట్టముక్కలో అంతమందికి చోటుందంటే నా ఒళ్లు ఝల్లుమంది. మా గదిలో ఉన్నది నలభైకి లోపు.

కార్డు నంబర్లు హాజరు పట్టీ వరుసలో ఇచ్చారు. రెండు రోజుల్లో పిల్లలు ఒకరినొకరు ఆ నంబర్లతోనే పిలుచుకోవడం మొదలుపెట్టారు. వాళ్ల నాయనలను గనిలోకి దిగేటప్పుడు ఇచ్చే దీపం నంబరుతో పిలవడం విన్నవాళ్లేగా. నేను కూడా ఇక్కడ అలాగే రాస్తాను. ఇందులో ఇద్దరే ఉన్నారు, తొమ్మిదో నంబరు, పద్దెనిమిదో నంబరు. ఇద్దరూ ఆడపిల్లలు, ఒకే వరుస క్వార్టర్లవాళ్లు, నా ట్యూషన్‌కు ఒకే చాప మీద కూర్చునేవాళ్లు. తొమ్మిది గలగలా మాట్లాడేది, లెక్క ఇట్టే పట్టేది. పద్దెనిమిది నోరు విప్పేది కాదు. ఒకటి రెండోదానికి సగం కావడం ఉత్త కాకతాళీయం.

సారు మొదట భిన్నాలు చెప్పారు. చెప్పడం అయ్యాక "అర్థమైందా?" అన్నారు. "అయింది సార్!" అని కప్పు ఎగిరేలా అరిచారు. నేను ట్యూషన్‌లో ఏళ్లుగా వింటున్న అరుపే అది, విని ముందుకు పోయేదాన్ని. సారు మాత్రం ప్రశ్న రాసి కార్డులు ఎత్తమన్నారు. ఫోను తిప్పారు. గదిలోని టీవీ మీద నంబర్లు వరుసగా రంగు తేలాయి. సరైనవి పచ్చగా, తప్పులు ఎర్రగా. సగం గది ఎర్రబడింది.

సారు ఎర్రబడిన నంబర్లను వేలితో లెక్కపెట్టారు. తర్వాత నవ్వేశారు. "మీరు అర్థమైందన్నరు, మీ కార్డులు కాలేదంటున్నయి. నేనెవ్వరి మాటినాలె?" అన్నారు.

"కార్డుల మాటే సార్, అవి అబద్ధం ఆడవు" అన్నాడు ముందు బెంచీ పిల్లవాడొకడు.

ఆ రోజునుంచి పాఠం దారి మారింది. సారు చెప్పింది కాదు, పిల్లల తలల్లో ఉన్నది పాఠమైంది. ఏ తప్పు ఎక్కువమంది చేస్తే దాని దగ్గర ఆగేవారు. జంటలుగా వాదించుకోమనేవారు, మళ్లీ కార్డులు ఎత్తమనేవారు. రెండోసారి ఎరుపు కొంత పచ్చబడేది. చేనులో నీళ్లు పారుతున్నట్టు ఆ రంగు మారడం చూస్తుంటే నాకు రెప్ప వేయాలనిపించేది కాదు.

పద్దెనిమిది మాత్రం మారేది కాదు. రోజూ ఎరుపే. టీవీ మీద ఆ నంబరు ఎక్కడుందో అందరికీ కంఠతా వచ్చింది. తర్వాత ఆ పిల్లకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గింది, బలమూ వచ్చింది. కానీ పిల్ల బడికి రాలేదు.

ఆ పిల్ల రాకపోయినా టీవీ మీద దాని జవాబు వస్తూనే ఉందని నేనే ముందు గమనించాను. ఎర్రగా, ఎప్పటిలాగే. ఫోను పొరబడుతోందని నాకు గట్టిగా అనిపించింది. ఏదో ఒక కార్డు వంగి, దాని గళ్లు పద్దెనిమిదిలా కనబడుతున్నాయని తేల్చుకున్నాను. ఒక మధ్యాహ్నం కార్డులన్నీ నేల మీద పరిచి, ఏది ఎన్ని గళ్లు మారితే పద్దెనిమిది అవుతుందో ఒక్కొక్కటీ సరిచూశాను. ఏదీ దానికి దగ్గరగా లేదు. సారు వచ్చి చూసి, "ఏందక్కా, పత్తాలాట పెట్టినవా?" అన్నారు. చెప్పాను. ఆయనా తలగోక్కున్నారు.

మర్నాడు నేను బోర్డు వంక కాకుండా పిల్లల వంక చూశాను. కార్డులు లేచాయి. తొమ్మిదో నంబరు రెండు చేతులూ ఎత్తింది. రెండు చేతుల్లో రెండు కార్డులు.

సారు కూడా చూశారు. "ఏయ్ తొమ్మిదీ, రెండో కార్డేంది?"

"పద్దెనిమిదిది సార్."

"అది రాలే గదా?"

"అందుకే సార్. నేను దాని బదిలీ పోతున్న."

గదంతా గొల్లుమంది. మా దగ్గర గనిలో ఎవరైనా రాకపోతే వాళ్ల చోట దిగే మనిషిని బదిలీ అంటారు. ఈ పిల్ల నాయన కూడా అలా కొన్నేళ్లు బదిలీగా దిగి, తర్వాత పర్మనెంటయ్యాడు.

"నవ్వకుండ్రి!" అని తొమ్మిది వెనక్కి తిరిగి కసిరింది. "మస్టర్లు పడకపోతే పేరు కొట్టేస్తరని మా బాపు అన్నడు. దాని పేరు కొట్టేస్తే ఎట్ల? కార్డు లేస్తే మస్టరు పడ్డట్టే గదా సార్?"

కార్డుకూ హాజరుకూ సంబంధం లేదని, ఎవరి పేరూ ఎవరూ కొట్టెయ్యరని సారు నిదానంగా చెప్పారు. పిల్ల నమ్మినట్టు కనబడలేదు. సారు ఫోను బల్ల మీద పెట్టి, ఇంకో ప్రశ్న అడిగారు. నిజానికి ఆ ప్రశ్న నా నోట్లో కూడా ఉంది.

"సరే, బదిలీ పోతివి. మరి నీ కార్డేమో ఎప్పుడూ పచ్చ, దానిదేమో ఎప్పుడూ ఎరుపు. నీకు రైట్ తెలుసు గదా? దానికి గూడ అదే పెట్టొచ్చు గదా?"

తొమ్మిది సారును జాలిగా చూసింది. "అది గట్ల చెప్పదు సార్. నేను నా జవాబు పెడితే అది నాదైతది గని, దానిదెట్లయితది? అది ఏం చెప్తదో గదే పెడుతున్న."

"అది ఏం చెప్తదో నీకెట్ల తెల్సే?"

"నాకు ఎర్కనే సార్."

"తప్పయినా?"

"ఎర్రగున్నా ఉన్నట్టే గద సార్."

  తొమ్మిదో నంబరు ప్రతి ప్రశ్నకూ రెండుసార్లు ఆలోచిస్తోందన్నమాట, ఒకసారి తన తలతో, ఒకసారి స్నేహితురాలి తలతో. నాలుగు జవాబుల్లో సరైనదేదో తెలిశాక, దాన్ని పక్కన పెట్టి, ఇంకో మనిషి ఎక్కడ తప్పటడుగు వేస్తుందో అక్కడికి నడుస్తోంది. ఇన్నేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పాను. తప్పు కనబడితే దిద్దాను. ఆ తప్పులో కూర్చుని చుట్టూ చూడాలని నాకు ఎన్నడూ తోచలేదు.

అయినా నేను సరిచూసుకోకుండా నమ్మే మనిషిని కాను. ఆ వారం తొమ్మిది బదిలీగా జవాబిచ్చిన ప్రశ్నల్లో ఐదు గుర్తుపెట్టుకుని, సాయంత్రం పద్దెనిమిది ఇంటికి వెళ్లాను. గుమ్మం దగ్గర సర్దిన సంచి ఉంది. వాళ్లమ్మ పల్లీలు ఒలుస్తోంది.

"వచ్చినవా అక్కా, జర నువ్వన్న చెప్పు" అంది. "చెప్పీ చెప్పీ నాకు యాష్టకొచ్చింది. బడి పేరెత్తితే ముసుగు తంతది. ఇగ ఫికర్ చేసుడు నాతోని గాదు. ఐతారం ఖానాపూర్ల మా అవ్వకాడికి తోలిస్త. మా మరదలు కుట్టుమిషన్ నేర్పిస్తనన్నది."

"బడి మాన్పిస్తావా?"

"నేను మాన్పిస్తున్ననా? అదే మానింది."

పిల్ల దుప్పటిలోంచి ఒక కన్ను బయటపెట్టింది. పక్కన కూర్చున్నాను. "ఏమైందమ్మా?"

"నాకు లెక్కలు రావు పెద్దమ్మా. అందరు పచ్చగుంటరు. నేనొక్కదాన్ని ఎర్రగ, గోడమీద. మందలకెల్లి ఏరేసే మేకకు రంగు పూసినట్టు."

 రంగులు మారడాన్ని రెప్ప వేయకుండా చూసిన మనిషిని నేనే. మెల్లగా, ఊరికే ఆటకన్నట్టు, ఐదు ప్రశ్నలూ అడిగాను. కాసేపు మూలిగింది, తర్వాత చెప్పింది. మొదటిది తొమ్మిది పెట్టినదే. రెండోదీ అదే. ఐదూ అవే. నాలుగేసి జవాబుల్లో గుడ్డిగా ఎంచితే ఐదూ కలవడానికి వెయ్యిన్ని ఇరవై నాలుగింట ఒక్క వంతు అవకాశం.  ఎనభై మూడు లక్షల కార్డుల లెక్క నాకు ఆ క్షణాన చిన్నదనిపించింది.

ఆఖరి ప్రశ్న, నాలుగింట మూడు పెద్దదా, ఆరింట ఐదు పెద్దదా అని. పద్దెనిమిది "రెండూ సమానం" అంది.

"ఎట్ల?"

"నాలుగుకు మూడు, ఒక్కటి తక్కువ. ఆరుకు ఐదు, ఒక్కటి తక్కువ. రెండిట్ల ఒక్కొక్కటే పోయింది గదా."

తప్పు జవాబే. కానీ ఆ పిల్ల గుడ్డిగా కార్డు తిప్పడం లేదు. ఉన్నదాన్ని వదిలి, పోయినదాన్ని చూస్తోంది. మర్నాడు పొద్దున బడి మొదలు కాకముందే సారుకు ఇదంతా చెప్పాను, మేక మాటతో సహా. ఆయన టీవీ వంక చూశారు. తర్వాత ఫోను తీసి ఏదో మార్చారు. ఆ తర్వాత ఆ తెర మీద నంబర్లు రాలేదు. ఏ జవాబు ఎంతమంది ఎంచారో అది మాత్రమే వచ్చేది. ఎవరిది ఏదన్నది ఆయన ఫోనులోనే ఉండేది.

గంట కొట్టాక ఆయన బోర్డు మీద రాశారు. "నాలుగింట మూడు, ఆరింట ఐదు: రెండింటిలోనూ ఒక్కటే పోయింది, కాబట్టి సమానం." పేరు చెప్పలేదు. "ఒకరు ఇట్లన్నరు. ఒప్పుకుంటరా, ఒప్పుకోరా? వాదించుకోండ్రి" అన్నారు.

గది సంతలా మారింది. అంతకుముందు పచ్చగా ఉన్నవాళ్లు కొందరు ఈ మాట చూసి తడబడ్డారు. చివరకు ముందు బెంచీ పిల్లవాడు లేచాడు. "సార్, రొట్టె నాలుగు ముక్కలు చేసి ఒక్కటి కుక్కకేస్తే ఎక్కువ పోయినట్టు. ఆరు ముక్కలు చేసి ఒక్కటేస్తే తక్కువ పోయినట్టు. ముక్క చిన్నది గదా!"

"అయితే ఏది ఎక్కువ మిగిలినట్టు?"

"ఆరింట ఐదు!" అని చాలా గొంతులు.

"ఎవరన్నరో గని సగం రైటే అన్నరు సార్" అన్నాడు మళ్లీ వాడే. "పోయింది చూసుడు మస్తుంది. ఎంత ముక్కనో చూడలే, గంతే."

తొమ్మిదో నంబరు అప్పటికే బల్లకింద కాళ్లు ఊపుతోంది, గంట ఎప్పుడు కొడతారా అని.

ఆ సాయంత్రం నేను మా వాకిట్లో బట్టలు దులిపి ఆరేస్తుంటే రెండు క్వార్టర్ల అవతలినుంచి దాని గొంతు వినబడింది. "ఓయ్, నీ లెక్క బోర్డు మీద రాసిండు సారు!"

"తప్పని రాసిండా?" అని పద్దెనిమిది గొంతు, కిటికీలోంచి.

"సగం రైటన్నరు అందరు."

"లెక్కల సగం రైటు ఉంటదా, పిచ్చిదానా?"

"ఉన్నది మరి! ఏం పోయిందో చూసినవ్ గదా, గది రైటు. పోయిన ముక్క ఎంత పెద్దదో చూడకపోతివి, గది తప్పు. నాలుగు ముక్కల రొట్టెల ముక్క పెద్దది, ఆరు ముక్కల దాంట్ల చిన్నది."

 తర్వాత పద్దెనిమిది అడిగింది. అడిగినట్టు కాదు, తనలో తను చెప్పుకున్నట్టు. "అయితే తొమ్మిదింట ఎనిమిది ఇంకా పెద్దది. పదింట తొమ్మిది ఇంకా. ఎంత దూరం పోయినా... ఒకటి కాదు గని, ఒకటికి దగ్గర పడుతనే ఉంటది."

నా చేతిలో తడి చీర అలాగే ఉండిపోయింది. ఈ మాట దానికి ఎవరూ చెప్పలేదు.

ఆదివారం వాళ్లమ్మ బస్టాండుకు ఒక్కతే పోయింది. "రేపు బడి ఉన్నదట, రానన్నది" అని దారిలో నాతో అంది. కోపంగా అనబోయి, నవ్వు ఆపుకోలేకపోయింది. సంచిలో కూతురి బట్టలు లేవు, వాళ్లవ్వకు పల్లీలే ఉన్నాయి.

సోమవారం పద్దెనిమిది వచ్చి తన చోట కూర్చుంది. తొమ్మిది తన దగ్గరున్న పద్దెనిమిదో కార్డు తీసి, రెండు చేతులతో దాని చేతికిచ్చింది. సారు ఆ రోజు కొంచెం కష్టమైనదే ఇచ్చారు. ఐదింట మూడు పెద్దదా, ఎనిమిదింట ఐదు పెద్దదా? ఎ అంటే మొదటిది, బి అంటే రెండోది, సి అంటే సమానం, డి అంటే చెప్పలేం.

నేను తొమ్మిది వెనకే కూర్చున్నాను. అది నావైపు వంగి గుసగుసగా, "అది ఎ అంటది చూడు పెద్దమ్మా. దాంట్ల రెండు పోయినయి, దీంట్ల మూడు పోయినయి. రెండే తక్కువ అనుకుంటది" అంది. నాకూ అదే అనిపించింది.

పద్దెనిమిది వెంటనే ఎత్తలేదు. వేలితో బల్లమీద ఏదో గీసింది. తర్వాత కార్డును బల్లమీదే తిప్పి చూసుకుని ఎత్తింది. చీమంత అక్షరం నాకు కనబడలేదు. కానీ ఆ గళ్లను నేల మీద పరిచి అంతసేపు చూసినదాన్ని, పై వరుస చూసి గుర్తుపట్టాను. బి.

సారు ఫోను తిప్పారు. "బి అన్నవాళ్లు కొందరే ఉన్నరు. ఎట్లనో ఒక్కరు చెప్తరా?" అన్నారు. ఎవరి వంకా ప్రత్యేకంగా చూడలేదు. పద్దెనిమిది తనే లేచింది. ఆ గదిలో ఆ పిల్ల గొంతు వినడం నాకదే మొదలు.

"దీంట్ల ఐదింట రెండు పోయినయి, దాంట్ల ఎనిమిదింట మూడు పోయినయి. ముక్కలు వేరు, లెక్క వేరు, ఎట్ల చూడాలె సార్? అందుకని పోయినవాటిని సమానం చేసిన. ఐదింట రెండంటే పదిహేనింట ఆరు. ఎనిమిదింట మూడంటే పదహారింట ఆరు. ఇప్పుడు రెండిట్ల ఆరారే పోయినయి. పదహారు ముక్కల రొట్టెల ముక్క చిన్నది. అందుకని దాంట్ల తక్కువ పోయింది."

పుస్తకంలో కింది అంకెలను సమానం చేయమని ఉంటుంది. నేనూ ఎప్పుడూ అదే చెప్పాను. ఈ పిల్ల పై అంకెలను సమానం చేసింది. మనసులో రెండుసార్లు సరిచూశాను. ఎక్కడా సందు లేదు. సారు చాక్‌పీసు పట్టుకుని బోర్డు వైపు తిరిగి, పదిహేనింట ఆరు, పదహారింట ఆరు అని పక్కపక్కన రాశారు.

తొమ్మిది నోరు తెరిచి స్నేహితురాలి వంక చూస్తోంది. సంతోషమో, కొంచెం ఉక్రోషమో, రెండూనో.

"గిది నాకు చెప్పలేదేందే?" అంది పళ్ల సందునుంచి.

"గిప్పుడే వచ్చింది."

"ఇగ నీ బదిలీ పోవుడు నాతోని గాదు పో."

పద్దెనిమిది కార్డు బల్లమీద పెట్టి, వంగిన మూలను అరచేత్తో ఒత్తింది.

"నేను రాకపోతే గదా" అంది.